లెక్కల పేజీలో ‘ఎందుకు’ అనే మాటకు కాస్త చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మాది అనంతపురం జిల్లా తాడిపత్రి. పెళ్లికి ముందు బీఎస్సీ లెక్కలు చదివాను, ఉద్యోగానికి పోలేదు, సాయంత్రం పూట మా వీధి పిల్లలకు ట్యూషన్ చెప్తుంటాను. మీ పత్రిక చాలా ఏళ్లుగా మా ఇంటికి వస్తోంది, చదువుల పేజీ అయితే నేనూ పిల్లలూ పంచుకొని చదువుతాం. ఈ ఉత్తరం ఆ పేజీ గురించే.

మొన్న పదో తరగతి పిల్లాడొకడు మీరు వేసిన ‘తప్పక గుర్తుంచుకోవాల్సిన సూత్రాలు’ కత్తిరించి నోట్‌బుక్‌లో అంటించుకొని తెచ్చాడు. ఇవి బట్టీ పడితే చాలంట అక్కా, పాస్ గ్యారంటీ అన్నాడు. వాడి తప్పేం లేదు, పరీక్షల టెన్షన్ అలాంటిది. అందులో ఒకటి, మొదటి నుంచి వరసగా ఎన్ని బేసి సంఖ్యలు కూడితే మొత్తం ఆ ‘ఎన్ని’కి వర్గం అవుతుందని. ఒకటీ మూడూ కలిస్తే నాలుగు, ఇంకో ఐదు కలిపితే తొమ్మిది, ఏడు కలిపితే పదహారు. ఎందుకు అట్లా వస్తుందిరా అంటే, ‘అది రూల్ కదక్కా’ అన్నాడు.

వంటింట్లో నుంచి గుప్పెడు చింతపిక్కలు తెచ్చాను. నేల మీద ఒకటి పెట్టాను. దాని పక్కన ఒకటి, కింద ఒకటి, మూలలో ఒకటి, మొత్తం మూడు పెడితే రెండు వరసల చదరం అయింది. దాని చుట్టూ మళ్లీ అట్లాగే రెండు వైపులా అంచు కడితే ఐదు పట్టాయి, మూడు వరసల చదరం. తర్వాతి అంచుకు ఏడు. నేను నోరు తెరవలేదు. వాడే పిక్కలు లాక్కొని తొమ్మిది పెట్టాడు, పదకొండు పెట్టాడు, పిక్కలు అయిపోయాక తల ఎత్తి, ‘అంటే ఎంత దూరం పోయినా ఇంతేనా అక్కా?’ అన్నాడు.

అయ్యా, లెక్కలంటే ఆ ప్రశ్నే. ఆ పిల్లాడు పదేళ్లుగా లెక్కల పుస్తకాలు మోస్తున్నాడు గానీ గణితం అడగాల్సిన మాట అడిగింది ఆ రోజే. జవాబు కూడా వాడి చేతిలోనే ఉంది. ఎంత పెద్ద చదరమైనా అంచు కట్టేటప్పుడు ఈ పక్క ఒక వరస, ఆ పక్క అంతే వరస, మూలకు ఒకటి పడుతుంది, అంటే రెండింతలకు ఒకటి ఎక్కువ, అది ఎప్పుడూ బేసి సంఖ్యే, ముందు పెట్టిన బేసి సంఖ్యకు తర్వాతిదే. కోటి వరసలు పెట్టి చూడక్కర్లేదు. దీన్నే నిరూపణ అంటారు. మిగతా శాస్త్రాలు కొలిచి, పరీక్షించి, ఇప్పటిదాకా ఇట్లా ఉంది అని చెప్తాయి. గణితం కొన్ని మాటలు ముందు ఒప్పుకొని, వాటి మీద నిలబడి, ఇక ఎప్పటికీ ఇంతే అని చెప్తుంది.

పది సార్లు సరిపోయింది కదా, ఇంక రుజువెందుకు అనే వాళ్లకు నేనొక లెక్క ఇస్తుంటాను. ఏదైనా సంఖ్యను దాంతోనే గుణించండి, మళ్లీ అదే సంఖ్య కలపండి, ఆపైన 41 కలపండి. ఒకటితో మొదలుపెడితే 43 వస్తుంది, రెండుకు 47, మూడుకు 53, నాలుగుకు 61. అన్నీ ప్రధాన సంఖ్యలే, అంటే ఒకటితోనూ వాటితోనూ తప్ప దేనితోనూ తెగవు. పదికీ అంతే, ఇరవైకీ అంతే, ముప్పై తొమ్మిది దాకా ఒక్కటి కూడా తప్పదు. ఎవరైనా అక్కడ ఆగి ‘ఇది రూల్’ అని రాసేసుకుంటారు. నలభై దగ్గర 1681 వస్తుంది, అది 41 ఇంటు 41. పోయింది! ముప్పై తొమ్మిది సార్లు నమ్మించి నలభయ్యోసారి దెబ్బ కొడుతుంది. గణితజ్ఞుడు ఆయిలర్ కాలం నుంచి గణితం చదివిన వాళ్లకు తెలిసిన లెక్క ఇది, మన పిల్లల్లో ఎంతమందికి చెప్పాం?

రెండు కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తం అవుతుందని 1742లో గోల్డ్‌బాక్ అనే గణితజ్ఞుడు రాసిన ఉత్తరంతో మొదలైన మాట ఉంది. కంప్యూటర్లతో 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత దూరం చూశారు, ఒక్కటీ తప్పలేదు. అయినా ఈ రోజుకీ దాన్ని సిద్ధాంతం అనరు, రుజువు లేదు కాబట్టి. ఆ పట్టుదల మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను.

నా సొంత అనుభవం ఒకటి రాస్తాను. ఏడో తరగతిలో మైనస్ ఇంటు మైనస్ ప్లస్ ఎందుకవుతుంది సార్ అని అడిగితే క్లాసంతా చూస్తుండగా నిలబెట్టి, ‘రూల్ అంతే, రాసుకో’ అన్నారు. అది ఏ స్కూలో ఇక్కడ అనవసరం. ఆ తర్వాత డిగ్రీ దాకా నేను క్లాసులో లెక్కల మీద ప్రశ్న అడగలేదు. ఆ రోజు రెండు నిమిషాలు చాలేవి. రెండూ మైనస్ రెండూ కలిస్తే సున్నా. సున్నాను దేనితో గుణించినా సున్నా, మైనస్ మూడుతో గుణించినా సున్నానే. విడివిడిగా గుణిస్తే మైనస్ మూడు ఇంటు రెండు మైనస్ ఆరు, మరి మైనస్ మూడు ఇంటు మైనస్ రెండు ఎంతైతే రెండూ కలిసి సున్నా అవుతాయి? ప్లస్ ఆరే కావాలి, వేరే దారి లేదు. ఇంకో మాట, మనం ధన సంఖ్య, ఋణ సంఖ్య అంటాం కదా, ఆ ఋణం అంటే అప్పే. 628లో బ్రహ్మగుప్తుడు ఈ నియమాలు రాసినప్పుడు ధనం, ఋణం అన్న మాటలతోనే రాశాడు, సున్నాతో కూడికలు, తీసివేతలు ఎట్లా చేయాలో కూడా రాశాడు. చేతిలో డబ్బు, బాకీ. పేరులోనే అర్థం ఉంది, పిల్లలకు ఆ పేరు విప్పి చెప్పేవాళ్లే కరువయ్యారు.

మా నాయన బేల్దారి మేస్త్రి. ఐదో తరగతితో ఆపేశాడు. పునాదికి ముగ్గు పోసే ముందు మూల పట్టడం ఆయన దగ్గరే చూశాను. మూలలో మేకు కొట్టి, ఒక దారం మీద మూడడుగులకు గుర్తు, రెండో దారం మీద నాలుగడుగులకు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టి సరిగ్గా ఐదడుగులు వచ్చేదాకా దారం జరుపుతాడు. ఐదు వచ్చిందంటే మూల మట్టం. పెద్ద ఇల్లయితే ఆరు, ఎనిమిది, పది. ‘మూల తప్పితే గోడ తప్పుతుంది పాపా, గోడ తప్పితే చివరి బండ కూర్చోదు’ అనేవాడు. ఇది పైథాగరస్ సిద్ధాంతం అని అందరూ అంటారు, నిజానికి కాదు, దాని విపర్యయం. లంబకోణం ఉంటే మూడు వర్గం, నాలుగు వర్గం కలిసి ఐదు వర్గం అవుతుందనేది సిద్ధాంతం. ఆ కొలతలు ఉంటే లంబకోణం వచ్చి తీరుతుందనేది విపర్యయం. మా నాయనకు కావాల్సింది రెండోదే. ఒకటి నిజమైతే తిరగేసింది కూడా నిజమే కానక్కర్లేదు, వాన పడితే నేల తడుస్తుంది, నేల తడిసిందంటే వానే పడిందనుకోలేం, కాబట్టి రెండోదానికి వేరే రుజువు కావాలి. రెండోది ముఖ్యమైన ప్రశ్న కాదని మా పిల్లలు దాటేస్తారు.

మొదటిదానికి రుజువు కత్తెరతో చూపించొచ్చు. ఏడు సెంటీమీటర్ల చదరం గీసి, మూడు, నాలుగు కొలతలున్న లంబకోణ త్రిభుజాలు నాలుగు కత్తిరించండి. నాలుగింటినీ చదరం నాలుగు మూలల్లో ఒకదాని కొన ఒకదానికి తగిలేలా పెడితే మధ్యలో వాలుగా ఒక చదరం ఖాళీ మిగులుతుంది, దాని భుజం ఐదు. ఇప్పుడు అవే త్రిభుజాల్ని రెండేసి కలిపి దీర్ఘచతురస్రాలుగా చేసి రెండు ఎదురు మూలల్లో పెడితే ఖాళీ రెండు చదరాలుగా మిగులుతుంది, ఒకటి మూడు భుజంది, ఒకటి నాలుగు భుజంది. పెద్ద చదరం మారలేదు, ముక్కలు మారలేదు, కాబట్టి ఖాళీ మారదు. ఇరవై ఐదు అంటే తొమ్మిదీ పదహారూ. శుల్బసూత్రాల కాలం నుంచి యజ్ఞవేదికలు కట్టినవాళ్లకు ఈ నియమం తెలుసు.

తాడిపత్రి అంటే బండల ఊరు కాబట్టి ఇది కూడా చెప్తాను. ఒకే కొలత భుజాలు, ఒకే కోణాలు ఉన్న బండ ఒక్క రకమే వాడి సందు లేకుండా అరుగు పరచాలంటే మూడు ఆకారాలే కుదురుతాయి: మూడు మూలలది, నాలుగు మూలలది, ఆరు మూలలది. ఐదు మూలలది కుదరదు. దాని ఒక్కో కోణం 108 డిగ్రీలు, మూడు కలిపితే 324, చుట్టూ 360 నిండడానికి 36 తక్కువ, నాలుగోది పట్టదు. ఎంత పెద్ద మేస్త్రి వచ్చినా పట్టదు. అదే బండల లెక్కలో మనుషులు యాభై అరవై ఏళ్లు వెతికినది 2023లో బయటపడింది, ఒకే ఆకారం, పదమూడు భుజాలది, ఎంత దూరమైనా సందు లేకుండా పరచొచ్చు, కానీ ఒకే అల్లిక ముక్కను పక్కపక్కనే మళ్లీ మళ్లీ వేసుకుంటూ పోయినట్టు మాత్రం ఎప్పటికీ రాదు. దాన్ని కనిపెట్టిన డేవిడ్ స్మిత్ ప్రొఫెసర్ కాదు, ఇంగ్లండ్‌లో ప్రింటింగ్ పని చేసి రిటైరైన మనిషి, కాగితం ముక్కలు కత్తిరించి ఆడుకుంటూ పట్టుకున్నాడు, రుజువుకు గణితజ్ఞులు తోడొచ్చారు. ఇది మా నాయనకు చెప్తే ఆ ఆకారం గీసి చూపించమన్నాడు, చాలాసేపు చూసి, ఇట్లాంటి బండ కోయాలంటే మిషన్ అరిగిపోతుంది అన్నాడు.

గణితంలో శాఖలు చాలా ఉన్నాయి. అంకగణితం, బీజగణితం, రేఖాగణితం, త్రికోణమితి, కలన గణితం, సంభావ్యత, సాంఖ్యకం అని చాప్టర్లుగా విడగొట్టి ఒకదాని ముఖం ఒకటి చూడకుండా చెప్తున్నాం, నా బాధ అక్కడే. అవన్నీ మన ఇంటి ముందు తిరిగేవే. మీ పత్రికలోనే వానాకాలం వస్తే రోజూ ఒక చిన్న బాక్సు వేస్తారు, తుంగభద్ర డ్యాం ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు, నిల్వ ఇన్ని టీఎంసీలు అని. హెచ్చెల్సీ, అంటే తుంగభద్ర ఎగువ కాలువ, కింద ఉన్న రైతులు మొదట చూసేది ఆ బాక్సే. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అది వేగం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అది పోగైన నీళ్లు. సుమారు 11,574 క్యూసెక్కులు ఇరవై నాలుగు గంటలు ఆగకుండా వస్తే ఒక టీఎంసీ. ఇంతవరకు గుణకారమే. కానీ ఇన్‌ఫ్లో ఒకేలా ఉండదు కదా, పొద్దున ఇరవై వేలు, మధ్యాహ్నం ముప్పై, రాత్రికి పద్దెనిమిది. అప్పుడేం చేస్తాం? గంట గంటకూ విడగొట్టి గుణించి కూడతాం. ఇంకా సరిగ్గా కావాలంటే నిమిషం నిమిషానికి, ఇంకా సన్నగా కోస్తూ పోతే ఎక్కడికి చేరుతుందో అదే సమాకలనం, ఇంగ్లీషులో ఇంటిగ్రేషన్. తిరగేసి, నిల్వ ఎట్లా పెరిగిందో తెలిస్తే ఈ క్షణాన ఎంత వేగంతో నీళ్లొస్తున్నాయో చెప్పేది అవకలనం. కూడికకూ తీసివేతకూ ఉన్న చుట్టరికమే ఈ రెండింటికీ ఉంది. 17వ శతాబ్దంలో న్యూటన్, లైబ్నిట్జ్ దీన్నొక శాస్త్రంగా నిలబెట్టారు, అంతకు రెండొందల ఏళ్లకు పైగా ముందే కేరళలో మాధవుడు అంతం లేని కూడికలతో ‘పై’ విలువకు దగ్గర పడే దారి కనిపెట్టాడు. ఇంటర్ పిల్లలు రెండేళ్లు ఇంటిగ్రేషన్ చేస్తారు, పేపర్లో ఆ డ్యాం బాక్సు చూసి ఇది అదే అని చెప్పగలిగిన వాళ్లు నాకు ఇంతవరకు కనపడలేదు.

సాంఖ్యకం, అంటే స్టాటిస్టిక్స్, సంగతీ అంతే. మా జిల్లా సగటు వాన ఏడాదికి 500 మిల్లీమీటర్లకు కాస్త పైనే. సగటు చూసి ఏం తెలుస్తుంది? రెండు ఏళ్లలోనూ ఏడాదికి 500 చొప్పున పడిందనుకోండి, ఒక ఏడాది అది పదునుకు పదును పడితే వేరుశనగ పండుతుంది, ఇంకో ఏడాది మూడు తుపాను రోజుల్లో కుమ్మరించి, ఊడలు దిగే సమయానికి నెలన్నర చుక్క లేకపోతే కట్టె మిగులుతుంది. సగటు ఒకటే, రైతు బతుకు ఒకటి కాదు. అందుకే సగటుతో పాటు చెదురు ఎంత అని చూడటం నేర్పాలి, పదో తరగతిలో మధ్యగతం, బాహుళకం కట్టించి వదిలేస్తే లాభం లేదు.

ఇక్కడ ఒక పెద్దాయన పేరు చెప్పకపోతే తప్పవుతుంది. సి.ఆర్. రావు గారు 1920లో అప్పటి బళ్లారి జిల్లా హడగళిలో పుట్టారు. అనంతపురం, కడప, కర్నూలుతో పాటు దత్త మండలాల్లో ఒకటైన బళ్లారి అది, మాకు పొరుగే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. పాతికేళ్ల వయసులో, 1945లో ఆయన రాసిన పేపర్లోని ఫలితం ఈ రోజుకీ ప్రపంచమంతా క్రామెర్-రావు హద్దు అని చదువుతారు. పక్షపాతం లేకుండా వేసే అంచనా ఎంత తెలివిగా వేసినా, ఉన్న సమాచారంతో ఇంతకు మించి కచ్చితంగా ఉండలేదు అని ఒక గీత గీసి రుజువు చేశారు. 2023లో 102 ఏళ్ల వయసులో అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. ఏటా డిసెంబర్ 22న రామానుజన్ గారి ఫొటోకు దండ వేస్తాం, వేయాలి, ఆయన పక్కన ఈయన ఫొటో కూడా మా జిల్లా స్కూళ్లలో ఉండాలి.

సంఖ్యా సిద్ధాంతం, అంటే పూర్ణ సంఖ్యల గుణాలు చూసే శాఖ, దాని గురించి ఒక్క మాట. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని యూక్లిడ్ రెండు వేల మూడొందల ఏళ్ల కిందట రుజువు చేసినప్పుడు దాంతో కాసు పని లేదు. 1977లో వచ్చిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతి, రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని గుణించడం తేలిక, లబ్ధం చూసి వాటిని విడగొట్టడం మహా కష్టం అన్న దాని మీదే నిలబడి ఇంటర్నెట్‌లో రహస్యాలు కాపాడుతోంది. ఒక సంఖ్య ప్రధానమో కాదో వేగంగా, అనుమానం లేకుండా తేల్చే దారిని 2002లో మన ఐఐటీ కాన్పూర్‌లో ఒక గురువు, ఇద్దరు విద్యార్థులు కలిసి కనిపెట్టారు. మనీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా, ఈ పేర్లు కూడా బిట్లలో రావాలని నా కోరిక.

త్రికోణమితికి మా పక్కనే గుత్తి ఉంది. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలుపెట్టి లాంబ్టన్ అనే బ్రిటిష్ సర్వే అధికారి దేశాన్ని త్రిభుజాలుగా కొలుస్తూ వచ్చినప్పుడు గుత్తి దగ్గర కూడా ఒక ఆధార రేఖ కొలిచారు. నేల మీద గొలుసుతో ఒక్క గీత కొలవాలి, ఎండకు ఉక్కు సాగుతుంది కాబట్టి ఆ వేడి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ తర్వాత రెండు కొసల నుంచి దూరంగా ఉన్న కొండ వైపు కోణాలు చూస్తే చాలు, ఒక భుజం, రెండు కోణాలతో మిగతా రెండు భుజాలూ వచ్చేస్తాయి. కొండ ఎక్కి గొలుసు లాగక్కర్లేదు. వచ్చిన భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకోటి, అట్లా హిమాలయాల దాకా పోయింది ఆ సర్వే. ఆ త్రిభుజాల్లో మూడు కోణాలు కలిపితే సరిగ్గా 180 రావు, కాస్త ఎక్కువ వస్తాయి, భూమి గుండ్రం కాబట్టి. పెద్ద త్రిభుజాలకు దాన్ని కూడా సరిచేశారు. నేను మొదట్లో కొన్ని మాటలు ముందు ఒప్పుకొని అని రాశాను చూడండి, అది ఇక్కడ తెలుస్తుంది. చదును నేల అని ఒప్పుకుంటే 180, బంతి మీద అయితే ఎక్కువ. ఒప్పుకున్నది మారితే రేఖాగణితమే మారుతుంది, రెండూ నిజమే. ఇది తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంతా రాసింది ఒక్క మాట అడగడానికి. సూత్రాలు వేయొద్దని నేను అనను, పరీక్ష రాసే పిల్లలకు అవి కావాలి. వారానికి ఒక్కరోజు, పావు పేజీ, ఒక్క సూత్రం తీసుకొని అది ఎందుకు నిజమో బొమ్మతో సహా వేయండి. చింతపిక్కలు, కత్తెర, దారం చాలు. తెలుగులో ఈ పని కొత్త కాదు, పావులూరి మల్లన దాదాపు తొమ్మిదొందల ఏళ్ల కిందటే మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పద్యాల్లో తెలుగు చేశాడు. మన సీమలో రిటైరైన లెక్కల టీచర్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, అడిగితే సంతోషంగా రాస్తారు. డ్యాం నీళ్ల బాక్సు పక్కన వానాకాలం మొదట్లో ఒకసారి ఆ క్యూసెక్కుల లెక్క విడమరిచి వేయండి. గుత్తి గురించి రాసేటట్టయితే సెలవుల ముందు రాయండి, తాడిపత్రి నుంచి రైలెక్కితే దగ్గరే, మా ట్యూషన్ పిల్లల్ని కోటకు తీసుకుపోయి పైనుంచి ఆ మైదానం చూపిస్తాను. చింతపిక్కల బొమ్మ గీసి ఈ ఉత్తరంతో పాటు జత చేస్తున్నాను, గీసింది ఆ పదో తరగతి పిల్లాడే.

– ఒక పాఠకురాలు, తాడిపత్రి, అనంతపురం జిల్లా